అపరిచితులతో ఆన్‌లైన్‌లో వాదించడం: వాక్యాన్ని పట్టుకోవడం మొదలు వాదాన్ని విడిచిపెట్టడం వరకు

2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఒక దొంగదారిని బయటపెట్టాడు. దూరం నుంచి యంత్రంలోకి ప్రవేశించడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ తన యంత్రంలో అర సెకను ఆలస్యమవుతున్నదేమిటని ఆరా తీయగా, లినక్స్ యంత్రాల్లో ఫైళ్లను కుదించడానికి వాడే ఎక్స్‌జెడ్ అనే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ బహిరంగంగా ఉండే) సాఫ్ట్‌వేరు 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని దూర్చిన కోడ్ ఆయనకు కనిపించింది. ఆ వార్త చుట్టూ సాగిన వాదాలను గమనించినవారికి ఒక వింత తెలుస్తుంది. ఓపెన్ సోర్స్ మీద నమ్మకం లేనివారు "చూశారా, ఎవరు పడితే వారు లోపలికి రావచ్చు" అన్నారు. నమ్మకం ఉన్నవారు "చూశారా, కోడ్ అందరికీ కనిపిస్తోంది కాబట్టే దొరికింది" అన్నారు. ఒకే సాక్షి రెండు పక్షాల తరఫునా బోనెక్కాడన్నమాట.

కాస్త నిదానంగా చూస్తే అక్కడ వైరుధ్యమే లేదు. మొదటివారి వాక్యం "చొరబడటం సులువు" అని. రెండోవారి వాక్యం "చొరబడినవాణ్ని పట్టుకోవడం సులువు" అని. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు, ఒకేసారి అబద్ధమూ కావచ్చు. ముఖం తెలియని మనుషులతో ఏళ్ల తరబడి వాదించాక నాకు తేలింది ఇదే: ఆన్‌లైన్ వాదాల్లో చాలా భాగం అభిప్రాయాలు కలవకపోవడం వల్ల చెడవు. ఇద్దరు మనుషులు రెండు వేర్వేరు వాక్యాలను పట్టుకుని, ఒకే వాక్యం మీద పోరాడుతున్నామనుకోవడం వల్ల చెడతాయి. అందువల్ల ఈ మార్గదర్శిలోని మెట్లన్నీ ఆ వాక్యం చుట్టూనే తిరుగుతాయి.

మొదటి మెట్టు: దిగాలా వద్దా తేల్చుకోవడం

1995 అక్టోబరులో సాలీ హాంబ్రిడ్జ్ ఇంటర్నెట్ మర్యాదలను ఆర్ఎఫ్‌సీ 1855 అనే పత్రంగా కూర్చారు. ఉద్వేగంతో రాసిన జవాబును పంపేముందు ఒక రాత్రి ఆగమన్న సలహా అందులో ఉంది. ముప్పై ఏళ్లు దాటినా దాన్ని మించిన సలహా నాకు తారసపడలేదు. రాత్రంతా ఆగే ఓపిక లేకపోతే కనీసం జవాబును నోట్‌ప్యాడ్‌లో రాసి, వేరే పనేదైనా చేసుకుని వచ్చి చదవండి. సగం జవాబులు అక్కడే ఆగిపోతాయి.

దిగాలనే నిశ్చయించుకుంటే ఒక పరీక్ష పెట్టుకోండి. "ఫలానా ఆధారం చూపిస్తే నా మాట వెనక్కి తీసుకుంటాను" అని ఒక్క పంక్తి రాయగలరా? రాయలేకపోతే మీరు వాదించబోవడం లేదు, ప్రకటించబోతున్నారు. ప్రకటించడం తప్పేమీ కాదు గానీ, దానికి అవతలి మనిషి ప్రశాంతతను ఖర్చు చేయనక్కరలేదు. ఆ తర్వాత అవతలివారి ఖాతా తెరిచి చివరి పది జవాబులు చదవండి. పదింటిలోనూ ఒకే నినాదం కనిపిస్తే పదకొండోది మీకోసం మారదు.

రెండో మెట్టు: వాదంలో ఉన్న వాక్యాన్ని పట్టుకోవడం

ఒకసారి ఒక అపరిచితుడు "రాత్రంతా చార్జింగ్ పెడితే ఫోన్ బ్యాటరీ పాడవుతుంది" అని రాశాడు. నాకు తెలిసిన విషయమే కదా అని, నిండాక చార్జింగ్ సర్క్యూటు విద్యుత్తును ఎలా ఆపేస్తుందో, ఓవర్‌చార్జ్ అనే భయం ఎందుకు పాతబడిందో రెండు రాత్రులు విడమరిచి రాశాను. ఆయన కూడా అంతే పట్టుదలతో జవాబులిచ్చాడు. మూడో రోజు ఆయన రాసిన మొదటి పోస్టును మళ్లీ చదివితే అందులో ఓవర్‌చార్జ్ అన్న మాటే లేదు. లిథియం అయాన్ బ్యాటరీని గంటల తరబడి నూరు శాతం దగ్గర, అదీ వేడిగా ఉంచితే దాని సామర్థ్యం త్వరగా తగ్గుతుందన్నది ఆయన ఉద్దేశం. అది నిజమే. నేను చెప్పిందీ నిజమే. ఇద్దరం గెలిచి, రెండు రాత్రుల నిద్ర పోగొట్టుకున్నాం.

ఈ పొరపాటుకు విరుగుడు మూడు పనుల్లో ఉంది. మొదట, అవతలివారి వాక్యాన్ని మీ మాటల్లోకి మార్చకుండా ఉన్నదున్నట్టు కాపీ చేసి మీ జవాబు పైన పెట్టండి. రెండోది, అందులో పరిమాణం చెప్పే మాటలను వెతకండి: అందరూ, ఎప్పుడూ, ఏ ఒక్కటీ, మాత్రమే. తెలుగులో వీటికన్నా చిన్నదైనా ప్రమాదకరమైన అక్షరం ఒకటుంది. "కోడ్ బహిరంగంగా ఉంటే సాఫ్ట్‌వేరు సురక్షితం" అన్న వాక్యాన్ని, "కోడ్ బహిరంగంగా ఉంటేనే సాఫ్ట్‌వేరు సురక్షితం" అన్న వాక్యాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాన్ని కూల్చాలంటే, కోడ్ అందరికీ కనిపిస్తున్నా చిల్లుపడిన సాఫ్ట్‌వేరు ఒక్కటి చూపాలి. రెండోదాన్ని కూల్చాలంటే, కోడ్ దాచిపెట్టినా భద్రంగా ఉన్న సాఫ్ట్‌వేరు ఒక్కటి చూపాలి. ఒక్క "నే" దగ్గర మొత్తం వాదం దిశ తిరిగిపోతుంది. హడావిడిగా చదివే కన్ను సరిగ్గా ఆ అక్షరాన్నే దాటేస్తుంది.

మూడోది, తిరిగి అడగడం. "మీరంటున్నది ఇదేనా అండీ: చొరబడటం సులువు కాబట్టి ఓపెన్ సోర్స్‌ను కీలకమైన చోట వాడకూడదని? అయితే మొదటి సగంతో నాకు పేచీ లేదు, రెండో సగంతోనే ఉంది." ఇంతే చాలు. ఈ పద్ధతికి మన దగ్గర ఎప్పటినుంచో పేరుంది: పూర్వపక్షం. ఎదుటి పక్షాన్ని దాని బలమంతటితో ముందు నిలబెట్టి, ఆ తర్వాతే సిద్ధాంతానికి రావడం శాస్త్రగ్రంథాల పద్ధతి. తత్త్వవేత్త డేనియల్ డెనెట్, గణిత మనస్తత్వవేత్త అనటోల్ రాపొపోర్ట్ పేరు మీద ప్రచారంలోకి తెచ్చిన నియమమూ ఇలాంటిదే: ఎదుటివాడు "నేనే ఇంత బాగా చెప్పలేకపోయానే" అనుకునేలా అతని వాదనను తిరిగి చెప్పాలి. నిత్యం అంత దూరం వెళ్లనక్కరలేదు. "అవును, అదే నా మాట" అనిపించుకుంటే చాలు. ఆ "అవును" రాకముందు రాసిన ఏ ఖండనా లెక్కలోకి రాదని నా అభిప్రాయం.

మూడో మెట్టు: ఆ వాక్యం ఏ జాతిదో చూడటం

వాక్యం చేతికి వచ్చాక దాని జాతి చూడాలి. టెక్నాలజీ, రాజకీయం, సినిమా అన్నవి మూడు విషయాలే గానీ, వాటిలో వాదాలు తెగే తీరు ఒక్కటి కాదు.

టెక్నాలజీ వాదాల్లో సాధారణంగా దాగి ఉండేది షరతు. "ఫలానాది వేగవంతం" అన్న వాక్యంలో ఏ పనికి, ఏ యంత్రం మీద, ఏ వెర్షన్‌లో అన్నవి కనబడవు. ఇంటర్నెట్ వేగం గురించి జరిగే తగాదాలను గమనించండి. ఒకరు సెకనుకు 100 మెగాబిట్ల కనెక్షన్ అంటారు, మరొకరు తన డౌన్‌లోడ్ 12 దాటడం లేదు కాబట్టి అది మోసమంటారు. ఎనిమిది బిట్లు ఒక బైటు, అంటే 100 మెగాబిట్లు 12.5 మెగాబైట్లు అని చెప్పగానే మోసమూ పోతుంది, వాదమూ పోతుంది. షరతును పైకి తీస్తే సగం సాంకేతిక వాదాలు ఇలాగే కరిగిపోతాయి. మిగిలిన సగం నిజంగా విలువైనవి. 1992 జనవరిలో ఆచార్యుడు ఆండ్రూ టానెన్‌బామ్ "లినక్స్ కాలం చెల్లింది" అన్న శీర్షికతో యూజ్‌నెట్ అనే ఆన్‌లైన్ చర్చావేదికలో పెట్టిన టపాకు, అప్పటికి విద్యార్థిగా ఉన్న లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ జవాబిచ్చాడు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ అంతా ఒకే ముద్దగా ఉండాలా, చిన్న చిన్న ముక్కలుగా విడదీయాలా అన్నది వారి ప్రశ్న. ఇద్దరికీ తాము దేని గురించి విభేదిస్తున్నారో తెలుసు కాబట్టే ఆ వాదం ఇప్పటికీ చదవదగ్గదిగా నిలిచింది.

రాజకీయ వాక్యం దాదాపు ఎప్పుడూ జంట వాక్యమే. పైన ఒక వాస్తవం, కింద ఒక విలువ. "ఆ పన్ను పెంపు అన్యాయం" అన్నదాంట్లో పన్ను ఎంత పెరిగిందన్నది వాస్తవం, ఎవరి మీద ఎంత భారం న్యాయమన్నది విలువ. రెంటినీ విడదీయకుండా దిగితే మీరు అంకెలు చూపిస్తుంటారు, అవతలివారు గాయం చూపిస్తుంటారు. వాస్తవ భాగంలోనూ ఉచ్చులున్నాయి. పన్ను 4 శాతం నుంచి 6 శాతానికి పెరిగితే "2 శాతం పాయింట్లు పెరిగింది" అన్నవారూ "50 శాతం పెరిగింది" అన్నవారూ ఇద్దరూ సత్యసంధులే. ఎవరికి ఏది అనుకూలమో వారు అది ఎంచుకున్నారు, అంతే. నిరుద్యోగిత రేటు పని వెతుకుతున్నవారినే లెక్కిస్తుంది, విసిగి వెతకడం మానేసినవారు అందులో ఉండరు. దేశాల ఆర్థిక స్థాయిని మొత్తం జీడీపీతో పోల్చారా, తలసరితోనా, కొనుగోలు శక్తిని బట్టి సవరించారా అన్నదాన్ని బట్టి వరుస తారుమారవుతుంది. కాబట్టి రాజకీయ వాదంలో మీ మొదటి ప్రశ్న "హారం ఏమిటి, అంటే దేనితో భాగించారు?" అన్నది కావాలి.

విలువ భాగానికి వచ్చేసరికి "ఎందుకు" అని అడగడం కన్నా "ఎలా" అని అడగడం ఫలిస్తుంది. 2013లో ఫిలిప్ ఫెర్న్‌బాక్, ఆయన సహచరులు ప్రచురించిన అధ్యయనంలో, తాము సమర్థించే విధానం అంచెలంచెలుగా ఎలా పనిచేస్తుందో వివరించమని కొందరిని అడిగారు. వివరించబోయినవారు తమకు తెలుసనుకున్నంత తెలియదని ఒప్పుకున్నారు. దాన్ని ఎందుకు సమర్థిస్తున్నారో కారణాలు చెప్పమన్నప్పుడు అలాంటి మార్పు కనిపించలేదు. కారణాలు ఎవరి దగ్గరైనా మూటగట్టి సిద్ధంగా ఉంటాయి. "ఇది అమలైతే మొదటి ఏడాది ఏం జరుగుతుంది, ఎవరు చేస్తారు?" అన్న ప్రశ్నకే మనిషి ఆగి ఆలోచిస్తాడు. అయితే ఆ ప్రశ్నను ఇరికించడానికి వేస్తే పసిగడతారు. ముందు మీ వైపు విధానానికి మీరే జవాబు రాసిపెట్టుకుని అడగండి.

సినిమాలు, పాటలు, ఆటల గురించిన వాదాల్లో అభిరుచి అంకెల వేషం వేసుకుని వస్తుంది. "నాకు నచ్చింది" అనడానికి మొహమాటపడి "97 శాతం వచ్చింది" అంటారు. విమర్శకుల సమీక్షలను పోగుచేసే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైటు ఇచ్చే శాతం సినిమా ఎంత బాగుందో చెప్పదు, ఎంతమంది విమర్శకులు సానుకూలంగా రాశారో చెబుతుంది. విమర్శకులందరూ "పర్లేదు, ఒకసారి చూడొచ్చు" అని సరిపెట్టిన సినిమాకు నూరు శాతం రావచ్చు. సగంమంది గొప్ప కళాఖండమన్నా మిగతా సగం తిట్టిపోసిన సినిమాకు యాభై శాతమే వస్తుంది. వసూళ్ల సంగతీ అంతే. గ్రాస్ అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం, అందులో నిర్మాతకు చేరేది ఒక వాటా మాత్రమే. పైగా టికెట్ ధరలు పెరిగినకొద్దీ కొత్త సినిమాలు పాతవాటిని దాటుతూ పోతాయి. ధరల పెరుగుదలను సవరించి చూస్తే 1939 నాటి గాన్ విత్ ద విండ్ ఇప్పటికీ అగ్రస్థానంలో ఉంటుంది. అంకె అబద్ధమని దీని అర్థం కాదు. ఆ అంకె "ఎంత మంది చూశారు" అన్న వాక్యానికి సాక్ష్యమా, "ఎంత బాగుంది" అన్నదానికా అని అడగాలి. అభిరుచి మీద వాదించే పద్ధతి ఒకటే: ఫలానా సన్నివేశం, ఫలానా చోట, నాకు ఇలా తోచింది, దానికి ఇదీ కారణం అని వేలుపెట్టి చూపడం. దానికి జవాబుగా అవతలివారూ ఒక సన్నివేశం చూపిస్తే మీ పంట పండినట్టే.

నాలుగో మెట్టు: ఆధారం తేవడం, ఆధారం తూచడం

2017లో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను, డాక్టరేట్లున్న చరిత్రకారులను, వృత్తిరీత్యా నిజనిర్ధారణ చేసేవారిని కూర్చోబెట్టి తెలియని వెబ్‌సైట్లను అంచనా వేయమన్నారు. విద్యార్థులే కాకుండా చరిత్రకారుల్లోనూ పలువురు పేజీని పైనుంచి కిందికి శ్రద్ధగా చదివి, చక్కని లోగోలకు మోసపోయారు. నిజనిర్ధారకులు ఆ పేజీలో ఎక్కువసేపు నిలవలేదు. వెంటనే కొత్త ట్యాబులు తెరిచి ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో చూశారు. కాబట్టి అవతలివారు లింకు ఇస్తే దాన్ని చదివేముందు అది ఎవరిదో వెతకండి. మీరు లింకు ఇచ్చేముందు కూడా అదే చేయండి, మరింత కఠినంగా. మనకు అనుకూలమైన ఆధారాన్ని ఎవరూ తలకిందులు చేసి చూడరు.

స్క్రీన్‌షాట్ ఆధారం కాదు. బ్రౌజర్ తెలిసిన ఎవరైనా ఒక పేజీలోని అక్షరాలను తాత్కాలికంగా మార్చి ఫొటో తీయగలరు. అసలు పోస్టు లింకు అడగండి. చెరిపేశారంటే, పాత వెబ్‌పేజీల ప్రతులను దాచే వేబ్యాక్ మెషీన్‌లో ప్రతి ఉందేమో చూడండి. ఫొటో అయితే రివర్స్ ఇమేజ్ సెర్చ్‌తో అది మొదట ఎప్పుడు కనిపించిందో వెతకండి. నేటి అల్లర్లంటూ తిరిగే చిత్రాలు ఎప్పటివో, ఎక్కడివో కావడం పరిపాటి. ఈమధ్య వాదనల్లోకి కృత్రిమ మేధ రాసిచ్చిన జవాబులు కూడా వచ్చి పడుతున్నాయి. వాటిలో పరిశోధనా పత్రాల పేర్లు చక్కగా ఉంటాయి, కొన్నిసార్లు ఆ పత్రాలే ఉండవు. పేరు చూసి వణకకుండా పత్రం తెరిచి చూడండి.

ఇక సర్వేలు. "ఇక్కడ పెట్టిన పోల్‌లో లక్ష మంది ఓటేశారు, 80 శాతం మావైపే" అనేవారికి 1936 అమెరికా అధ్యక్ష ఎన్నిక కథ చెప్పాలి. లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి ప్రశ్నపత్రాలు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు రాబట్టి, రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. అంతకన్నా ఎంతో తక్కువ మందిని అడిగిన జార్జ్ గాలప్ విజేతను సరిగ్గా చెప్పాడు. ఎంతమందిని అడిగారన్నదానికన్నా ఎవరిని అడిగారన్నది ముఖ్యం. సక్రమంగా ఎంచిన వెయ్యి మంది సర్వేలో కూడా దాదాపు 3 శాతం పాయింట్లు అటూ ఇటూ ఊగిసలాట ఉంటుంది, కనుక 44కు 42 అన్నది ఆధిక్యం కాదు.

ఆధారం చూపిస్తే మనిషి మరింత మొండికేస్తాడని మీరు వినే ఉంటారు. బ్రెండన్ నైహాన్, జేసన్ రైఫ్లర్ 2010లో ప్రచురించిన పత్రం నుంచి ఆ మాట పాకింది. తర్వాత థామస్ వుడ్, ఈథన్ పోర్టర్ 10,000కు పైగా మంది మీద, 52 అంశాలతో పరీక్షిస్తే అలా ఎదురుతిరగడం దాదాపు కనిపించలేదు. వారి పత్రం 2019లో అచ్చయింది. సరైన సమాచారాన్ని మనుషులు ఎంతో కొంత తీసుకుంటారు. పార్టీ మారరు, అది వేరే సంగతి.

ఐదో మెట్టు: జవాబు రాయడం

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ఎవరో ఇలా రాశారనుకోండి: "200 మెగాపిక్సెల్ ఫోన్ ముందు మీ 12 మెగాపిక్సెల్ ఫోన్ ఎందుకు పనికొస్తుంది? ముందు స్పెసిఫికేషన్లు చదవడం నేర్చుకోండి."

చేతికి వెంటనే వచ్చే జవాబు ఇది: "మీకు సెన్సర్ అంటే ఏమిటో కూడా తెలిసినట్టు లేదు. మెగాపిక్సెళ్లు చూసి ఫోన్ కొనేవాళ్లు ఇంకా ఉన్నారా?" ఇందులో సమాచారం సున్నా. ఒక ప్రశ్న ఉంది గానీ దానికి జవాబు అక్కరలేదు.

మరుసటి రోజు రాసిన జవాబు ఇలా ఉండవచ్చు: "పగటి వెలుతురులో 200 మెగాపిక్సెల్ మోడ్‌లో తీసి, బాగా పెద్దది చేసి చూస్తే వివరాలు ఎక్కువ కనిపిస్తాయన్నది నిజమే. అయితే అలాంటి ఫోన్లు చాలావరకు మామూలు మోడ్‌లో 16 పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెల్ ఫొటోనే ఇస్తాయి. అందుకని రోజువారీ ఫొటోల్లో తేడాను సెన్సర్ పరిమాణం, లెన్సు, సాఫ్ట్‌వేరు తేలుస్తాయని అనుకుంటున్నాను. తక్కువ వెలుతురులో రెండు ఫోన్లతోనూ ఒకే చోట తీసిన ఫొటోలుంటే పెట్టండి. మీది మెరుగ్గా కనిపిస్తే ఒప్పుకుంటాను."

రెండో జవాబు నిడివి ఎక్కువ, కోపం తక్కువ. ఎదుటివారి మాటలో నిజమైన ముక్కను మొదటే ఇచ్చేసింది. విభేదించే చోటును ఒకే వాక్యానికి కుదించింది. తన ఓటమి ఎలా ఉంటుందో తానే చెప్పింది. "స్పెసిఫికేషన్లు నేర్చుకోండి" అన్న గిల్లుడును అసలు ముట్టుకోలేదు. గిల్లుడుకు జవాబిస్తే వాదం ఫోన్ నుంచి మనుషుల మీదికి మళ్లుతుంది, అక్కడినుంచి తిరిగి రావడం అరుదు.

రెడిట్‌లో "నా అభిప్రాయం మార్చండి" అన్న ఉద్దేశంతో 2013లో మొదలైన ఒక చర్చావేదిక ఉంది. మనసు మారినవారు అక్కడ ఆ సంగతిని ఒక గుర్తుతో ప్రకటిస్తారు. కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ సంభాషణలను విశ్లేషించి 2016లో పత్రం ప్రచురించారు. మొదట రాసినవారు వాడని కొత్త మాటలను తెచ్చిన జవాబులు, "కావచ్చు", "అనిపిస్తోంది" వంటి మెత్తని మాటలున్న జవాబులు ఎక్కువగా ఫలించాయి. అందుకే పై జవాబులో "అనుకుంటున్నాను" అన్నది పిరికితనం కాదు, పనిముట్టు.

వ్యంగ్యం విషయంలో నాది కఠినమైన అభిప్రాయం: అపరిచితులతో వద్దు. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ తదితరులు 2005లో ప్రచురించిన ప్రయోగాల్లో, తమ ఈమెయిల్‌లోని వెటకారం అవతలివారికి ఇట్టే అర్థమవుతుందని రాసినవారు ధీమాగా ఉన్నారు. చదివినవారి ఊహ బొమ్మా బొరుసా వేయడం కన్నా పెద్దగా మెరుగ్గా లేదు. రాస్తున్నప్పుడు మన గొంతు మనకు వినిపిస్తుంది, చదివేవారికి అక్షరాలే కనిపిస్తాయి. తెలుగులో ఈ ప్రమాదం చిన్న చిన్న ప్రత్యయాల్లో ఉంది. "మీకు తెలుసు" అన్నది మామూలు మాట, "మీకు తెలుసులే" అన్నది పోట్లాట. "చదివారా?" అన్నది ప్రశ్న, "చదివారా అసలు?" అన్నది అభియోగం. పంపేముందు "లే", "అసలు", "పాపం", "కాస్త" అన్న మాటలను వెతికి తీసేయండి. అలాగే అవతలివారు "మీరు" నుంచి "నువ్వు"లోకి దిగిన క్షణాన్ని గమనించండి. అది వాదపు ఉష్ణమాపకం. మీరు మాత్రం "మీరు" దగ్గరే ఉండండి.

ఆరో మెట్టు: ఎత్తుగడలను గుర్తుపట్టడం

మొండిగా ఎవరు మాట్లాడినా మనం వితండవాదం అంటాం. ప్రాచీన తర్కగ్రంథమైన గౌతముని న్యాయసూత్రాల్లో ఆ మాటకు ఇంకా సూటైన అర్థముంది. తత్త్వం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాడి పక్షాన్ని కూల్చడమే పనిగా పెట్టుకున్నది వితండ. ఆన్‌లైన్‌లో ఈ మూడింటినీ వేరుచేసే ప్రశ్న ఒకటే: "సరే అండీ, మీ అభిప్రాయం ఏమిటి?" వాది చెబుతాడు. జల్పకుడు కూడా చెబుతాడు, కాస్త అరుస్తూ. వితండకుడు ఆ ప్రశ్నను దాటేసి మరో ప్రశ్న వేస్తాడు. రెండుసార్లు దాటేస్తే మీ పని అయిపోయినట్టే.

మర్యాద ముసుగులో వచ్చే వితండ కూడా ఉంది. "తెలుసుకుందామనే అడుగుతున్నాను, ఆధారం ఇవ్వగలరా?" అంటూ ఇచ్చినకొద్దీ అడుగుతూ పోయే తీరుకు, డేవిడ్ మాల్కీ 2014లో గీసిన ఒక కామిక్‌ను బట్టి సీలయనింగ్ అన్న పేరు స్థిరపడింది. ఇంకొందరు ఒకే ఊపులో ఇరవై ఆరోపణలు గుప్పిస్తారు. సృష్టివాద ప్రచారకుడు డ్యువేన్ గిష్ శైలిని చూసి యూజినీ స్కాట్ 1994లో దానికి గిష్ గాలప్ అని పేరు పెట్టారు. ఇరవైకీ జవాబివ్వబోతే మునిగిపోతారు, ఎందుకంటే ఒక అసత్యం పుట్టించడానికి పట్టే శ్రమకన్నా దాన్ని ఖండించడానికి ఎన్నో రెట్లు పడుతుంది. ప్రోగ్రామర్ అల్బెర్టో బ్రాండొలీని 2013లో చెప్పిన ఈ మాట అనుభవంలోకి రానివారు ఉండరు. చేయవలసిందల్లా "వీటిలో మీకు అన్నిటికన్నా బలమైనదిగా తోచింది ఏది? దాని మీదే మాట్లాడదాం" అనడం. ఎంచుకుంటే మంచి వాదం మిగులుతుంది. ఎంచుకోకపోతే చదివేవారికి విషయం అర్థమైపోతుంది.

మాటలను మెలితిప్పడాన్ని ఆ న్యాయ తర్కశాస్త్రం ఛలం అంటుంది. దానికి చెప్పే ఉదాహరణ సరదాగా ఉంటుంది. "ఇతని దగ్గర నవకంబళం ఉంది" అని ఒకడంటే, కొత్త కంబళి అన్న అర్థాన్ని వదిలేసి, "తొమ్మిది కంబళ్లు ఎక్కడున్నాయి? ఒకటేగా కనిపిస్తోంది!" అని ఎదుటివాడు ఎగతాళి చేస్తాడు. నేడు "స్వేచ్ఛ", "ఉచితం", "సెన్సార్", "ఫ్లాప్" అన్న మాటలు ఈ కంబళి పాత్రనే పోషిస్తున్నాయి. ఛలం ఎదురైతే కోపగించుకోకుండా "నేను కొత్త అన్న అర్థంలో వాడాను" అని ఒక్క పంక్తిలో నిర్వచించి ముందుకు పోవడమే మందు.

ఏడో మెట్టు: తప్పు ఒప్పుకోవడం

దీనికి పెద్ద వివరణ అక్కరలేదు, ధైర్యం కావాలి. పాత జవాబును చెరిపేయకండి. కింద "సవరణ: నేను చెప్పిన ఏడాది తప్పు, ఫలానావారు సరిదిద్దారు" అని రాయండి. చెరిపేస్తే మిగిలిన జవాబులు మొండెంలేని తలల్లా వేలాడతాయి. పైన చెప్పిన 1992 వాదంలో టోర్వాల్డ్స్ మొదట ఘాటుగా రాసి, తర్వాతి టపాలో మర్యాద మరచి రాశానంటూ టానెన్‌బామ్‌కు క్షమాపణ చెప్పాడు, కానీ కెర్నెల్ మీద తన అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు. మాట తీరు వేరు, మాట వేరు. ఒకదానికి క్షమాపణ చెప్పినంతమాత్రాన రెండోదాన్ని వదులుకోనక్కరలేదు.

ఎనిమిదో మెట్టు: ఆపడం

కార్నెల్ పత్రంలోనే మరో సంగతి ఉంది: ఒకే ఇద్దరి మధ్య రాకపోకలు ఐదు దాటాక ఎదుటివారి మనసు మారే అవకాశం దాదాపు శూన్యం. నేను దాన్ని నియమంగా పెట్టుకున్నాను. నా ఐదో జవాబు నా చివరి జవాబు, అవతలివారు ఎంత రెచ్చగొట్టినా సరే. మీ చిరునామానో, ఉద్యోగాన్నో, కుటుంబాన్నో వాదంలోకి లాగితే ఐదు దాకా ఆగవద్దు. ఆ పోస్టులను లింకులతో సహా భద్రపరచి, వేదికకు ఫిర్యాదు చేసి, బ్లాక్ చేయండి. బెదిరింపు వస్తే పోలీసులకు చెప్పండి. అక్కడ వాదన నైపుణ్యం పనికిరాదు.

మామూలు వాదానికి చివరి జవాబు ఇలా రాయవచ్చు: "చొరబాటు సులువన్న మీ మాట ఒప్పుకుంటున్నాను. పట్టుబడటమూ సులువన్న నా మాట మీరు ఒప్పుకోవడం లేదు; ఎక్స్‌జెడ్ ఒక్కటే ఉదాహరణ అన్నది మీ అభ్యంతరం. అది న్యాయమైన అభ్యంతరమే, నా దగ్గర ప్రస్తుతం అంతకన్నా ఆధారం లేదు. నేను ఇక్కడితో ఆపుతున్నాను." ఇందులో ఎవరూ ఓడలేదు, కానీ వాదం ఎక్కడ ఆగిందో తర్వాత చదివేవారికి తెలుస్తుంది. ఆ తర్వాత ఆ థ్రెడ్ నోటిఫికేషన్లు ఆపేయండి. నెల తర్వాత ఎవరైనా కొత్త ఆధారంతో మిమ్మల్ని మళ్లీ పిలిస్తే, పాత వేడితో ఆరో జవాబు రాయకుండా, వారి వాక్యాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసి కొత్త వాదంగా మొదలుపెట్టండి.